పసివారి రచన, చిత్రలేఖనము: ఒక సమీక్ష

అయిదారేండ్లు మొదలు ఎనిమిదేండ్ల వరకు వయస్సు గల బాలబాలికలకు మన పాఠశాలలలో చదువు, వ్రాత, లెక్క అను మూడును ప్రధానవిద్యలుగను, బొమ్మలు గీయుట, కథలు కట్టుట, మట్టితో రూపములు చేయుట అనునవి ఆ ప్రధానవిద్యలు పోగా మిగిలిన పొద్దు పుచ్చుటకు ఏర్పడిన వినోదములుగను పరిగణింపబడుచు వచ్చినవి. శనివారము మధ్యాహ్నమో, ఉపాధ్యాయుడు రిజిస్టర్లు పూర్తి చేసికొనవలసిన గంటలోనో, తోడి ఉపాధ్యాయిని సెలవు పెట్టిన దినముననో పిల్లలకు బొమ్మలు వేసికొనుటకు అనుమతి లభించును. ఈ అలవాటునకు ప్రతికూలముగ పలుదేశముల విద్యావేత్తలు నూరేండ్లకు పైబడి వాదించుచునే యున్నారు. ఆ వాదములు మన ప్రభుత్వపత్రములలోనికిని వచ్చి చేరినవి. అయినను తరగతిగదిలో కలిగిన మార్పు స్వల్పము. ఆ వాదములలో నిలుచునదేది, నిలువనిదేది, తెలుగు బడికి పొసగునదేది అని విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మన పూర్వపు వీధిబడుల స్థితిని తెలిసికొనుటకు 1823లో బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ పంపిన నివేదిక మంచి ఆధారము. ఆ జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆయన లెక్కించెను. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, ముందు నేర్చినవాడు వెనుకటివానికి నేర్పుటయు, ఇంత స్వల్పవ్యయముతో వ్రాత అలవడుటయు ఆయన మెప్పునకు పాత్రములైనవి. కాని పిల్లలు వల్లించు పద్యముల భాష నోటిభాషకు మిక్కిలి దూరమైనదనియు, తడబడక అప్పగించువారికిని వాని అర్థము పట్టువడలేదనియు, అది చిలుకపలుకుల వంటిదనియు ఆక్షేపించెను. ఆ ఆక్షేపణ సగము సత్యము. కంఠస్థమైన పద్యము చెవికి లయను, నాలుకకు స్ఫుటత్వమును ప్రసాదించును. ఆ సంపదను తృణీకరించుట వివేకము గాదు. అయితే దిద్దుటకు ఒరవడి, వల్లించుటకు పద్యము, చూచి వ్రాయుటకు వాచకము, ఇవి యన్నియు ఇతరుల సొత్తులే. బాలుడు తన సొంతమాటను ఆ ఇసుకమీద వ్రాసికొను ప్రసక్తి ఆ పద్ధతిలో లేదు. వీధిబడి పోయి సర్కారుబడి వచ్చినను, ఇసుకకు బదులు పలకయు, పలకకు బదులు నోటుపుస్తకమును వచ్చినను, ఈ లోపము మాత్రము చెక్కుచెదరక నిలిచినది.

ఐరోపాలో ఇట్టి లోపమును గుర్తించినవారు రెండు భిన్నమార్గములు త్రొక్కిరి. కిండర్‌గార్టెన్ వ్యవస్థకు మూలపురుషుడైన జర్మనీ దేశస్థుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782–1852) కాగితము మడచుట, చీలికలు అల్లుట, మట్టితో రూపములు చేయుట మొదలగు చేతిపనులకు విద్యలో గౌరవస్థానము కల్పించెను. కాని ఆయన అనుచరుల చేతులలో ఆ పనులు ఒక నిర్ణీతక్రమమునకు లోబడి, పిల్లవాడు తప్పక చేయవలసిన డ్రిల్లుగా పరిణమించినవి. దీనికి ప్రతిక్రియ యన్నట్లు వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో పిల్లల కళాతరగతిని ప్రారంభించి, పసివాని చిత్రమునకు దాని ధర్మము దానికే కలదనియు, దానిని పెద్దల కొలతలతో దిద్దరాదనియు ప్రకటించెను. ఇంగ్లండులో హెర్బర్ట్ రీడ్ 1943లో వెలువరించిన గ్రంథములో కళనే సర్వవిద్యకును ఆధారముగా ప్రతిపాదించెను. అయితే చిజెక్ తరగతి చిత్రములన్నిటికిని ఒక పోలిక యున్నదనియు, బోధింపనని చెప్పిన గురువుయొక్క అభిరుచియే చప్పుడు లేకుండ వానిలో ప్రవేశించినదనియు తరువాతి విమర్శకులు చూపిరి. పిల్లలను వారి మానమునకు వారిని విడిచిపెట్టితిమను మాట పలుకుట సులభము. నిజముగ విడిచిపెట్టుట దుష్కరము.

రచన విషయమున టాల్‌స్టాయ్ అనుభవము ప్రత్యేకముగ స్మరింపదగినది. తన స్వగ్రామమైన యాస్నయా పోల్యానాలో 1859లో రైతుబిడ్డలకు బడి నెలకొల్పిన ఆ మహారచయిత, ఒకనాడు ఒక సామెతను ఆధారముగా గొని కథ వ్రాయుడని పిల్లలను కోరగా, వారు తమకు చేతగాదని వెనుదీసిరి. అంతట ఆయనయే వ్రాయ మొదలిడగా, పిల్లలు ఒక్కరొక్కరే ఆయన భుజములమీదుగ తొంగిచూచి, ఆ వృద్ధుడు అట్లు మాటాడడనియు, ఆ ఇల్లాలు ఇట్లు చేయదనియు సవరణలు చెప్పుచు, తుదకు కథను తామే చెప్పి ఆయనచేత వ్రాయించిరి. రైతుబిడ్డలు మనవద్ద వ్రాత నేర్వవలెనా, మనమే వారివద్ద నేర్వవలెనా అని 1862లో ఆయన ఒక వ్యాసమే వ్రాసెను. ఆ ప్రశ్నలోని అతిశయోక్తిని అటుంచి, ఆ సన్నివేశములోని పద్ధతిని గ్రహింపవలెను: అంశమును పెద్దవాడు ఇచ్చెను, లేఖనభారమును పెద్దవాడు వహించెను, కథమీది అధికారము మాత్రము పిల్లలకు చెందెను. ఫ్రాన్సులో సెలెస్టిన్ ఫ్రెనే 1924లో ఒక పల్లెబడిలో చిన్న అచ్చుయంత్రమును స్థాపించి పిల్లల స్వేచ్ఛారచనలను వారిచేతనే కూర్పించి అచ్చువేయించుటయు, న్యూజిలాండులో సిల్వియా ఆష్టన్-వార్నర్ మావోరీ పిల్లలలో ఒక్కొక్కరు కోరిన మాటనే అట్టముక్కపై వ్రాసి వారికి తొలి వాచకముగ నిచ్చుటయు, ఇటలీలో జియాని రొదారి పొత్తులేని రెండు మాటలను ప్రక్కప్రక్కన నిలిపి వానినుండి కథను పుట్టించు ఉపాయమును 1973లో గ్రంథస్థము చేయుటయు, ఈ పద్ధతికే భిన్నరూపములు.

మన దేశములో రవీంద్రుడు 1901లో శాంతినికేతనమునందు బడి నెలకొల్పి, పాటను, చిత్రమును, నాటకమును దినచర్యలో భాగము గావించెను. 1930లో వెలువడిన ఆయన బాలవాచకము ‘సహజ్ పాఠ్’నకు నందలాల్ బోస్ బొమ్మలు సమకూర్చుట, చిత్రమును అక్షరమునకు తోబుట్టువుగ భావించిన దృష్టికి నిదర్శనము. 1937లో వార్ధాలో రూపొందిన మౌలికవిద్యాప్రణాళిక చేతిపనిని విద్యకు కేంద్రము గావించినను, ఉత్పత్తిపై దృష్టి నిలిచినచోట పిల్లవాని కల్పనకు చోటు కుంచించుకొనిపోయినది. శాంతినికేతనమున చదివి సేవాగ్రామమున కళాగురువుగ పనిచేసిన దేవీప్రసాద్ ఈ రెండు ప్రవాహములను కలుపుటకు యత్నించెను. భావనగరములో 1920లో బాలమందిరమును నెలకొల్పిన గిజుభాయి బధేకా తన ‘దివాస్వప్న’యందు, ఒక ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని చేపట్టి, పాఠములకు బదులు కథలు చెప్పుటతో పని నారంభించిన వృత్తాంతమును చిత్రించెను.

తెలుగునాట ఈ ఆలోచన బడిలోపలకంటె బడివెలుపలనే మిన్నగ ఫలించినది. సవరభాషను స్వయముగ అభ్యసించి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవరల పిల్లలకు బడులు పెట్టించిన గిడుగు రామమూర్తి, బిడ్డకు తొలిచదువు తన నోటిమాటలోనే సాగవలెనను సత్యమును ఆచరణలో చూపెను. పాఠశాలల తనిఖీ ఉద్యోగము చేసిన చలము ‘బిడ్డల శిక్షణ’లో భయమును విద్యకు శత్రువుగ నిరూపించెను. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగ ప్రసిద్ధిగాంచిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలచేతనే పాటలు, నాటికలు ప్రసారము చేయించి, 1945లో ‘బాల’ పత్రికను స్థాపించి, అందు పిల్లల రచనలకు తావిచ్చిరి. ముళ్లపూడి వెంకటరమణ తొలికథ బాల్యమున అచ్చయినది ఆ పత్రికలోనే. అనంతపురము ప్రాంతమున చెన్నేకొత్తపల్లినుండి 2008లో మొదలయిన ‘కొత్తపల్లి’ పత్రిక పల్లెపిల్లల కథలను, బొమ్మలను ప్రకటించుచు ఆ పరంపరను కొనసాగించినది. మదనపల్లెసమీపమున ఋషివ్యాలీ విద్యాకేంద్రము ఏకోపాధ్యాయ పాఠశాలలకై రూపొందించిన కార్డుల పద్ధతిలో స్థానికమైన కథలకును, పాటలకును, తోలుబొమ్మలకును స్థానము దొరకినది.

ఇక పిల్లల చిత్రముల స్వభావమును విచారింతము. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రకటించిన గ్రంథములో పిల్లల చిత్రకల్పనను దశలుగ విభజించెను: రెండేండ్లనుండి నాలుగేండ్లవరకు గీతలు గిలుకుట, ఏడేండ్లవరకు ఆకారములను వెదకికొనుట, తొమ్మిదేండ్లవరకు తనకంటూ ఒక సంకేతభాషను ఏర్పరచికొనుట. వయస్సులు కొంత అటునిటైనను, ఈ వరుస ఉపాధ్యాయులకు ఉపకరించునదే. రెండవ తరగతి బాలిక తన అమ్మమ్మగారి యిల్లు గీసినదనుకొందము. గోడ యున్నను లోపలి ఉట్టి, పొయ్యి, దాని ప్రక్కన పండుకొన్న పిల్లి కనబడును. అమ్మమ్మ ఇంటికంటె పొడవుగ నుండును. పెరటిలోని నూతిచుట్టును అరటిచెట్లు నాలుగు దిక్కులకు వెల్లకిల పడియుండును. పాతకాలపు డ్రాయింగు మాస్టరు దీనిలో మూడు తప్పులు చూచును. ఎరిగినవాడు మూడు నిర్ణయములు చూచును. ఆ బాలిక కంటికి కనబడినదానిని గాక తనకు తెలిసినదానిని గీసినది. ముఖ్యమైనదానిని పెద్దదిగ చేసినది. నూతిచుట్టు తాను తిరిగి చూచిన నాలుగు వైపులను ఒక్క కాగితముమీద పరచినది.

దీనికి ప్రక్కన మన బడులలో సర్వత్ర దర్శనమిచ్చు మరియొక చిత్రమును నిలుపుడు: రెండు కొండలు, వాని నడుమ కిరణములతో సూర్యుడు, అచటినుండి వంకరలు తిరుగుచు దిగివచ్చు ఏరు, ఒడ్డున ఒక పాక, ఒక కొబ్బరిచెట్టు, ఆకాశమున మూడంకెవలె నాలుగు పక్షులు. కొండ మొగమెరుగని కోనసీమ బాలుడును దీనినే గీయును; కొబ్బరిచెట్టు అరుదైన ఆదిలాబాదు బాలికయు దీనినే గీయును. చూడ ముచ్చటైన ఈ చిత్రములో గీసినవాని కన్ను లేదు, ఊరు లేదు. చూచివ్రాతకు ఇది చిత్రరూపమైన సోదరుడు. అచ్చుబొమ్మలలో గీత దాటకుండ రంగు నింపు పుస్తకములు, తలిదండ్రులు స్టేషనరీ దుకాణమున కొని అతికించిన చార్టులు, ఆగస్టు పదునైదున అందరును ఒకే కొలతతో చేసిన కాగితపు జెండాలు, ఇవియన్నియు ఈ జాతికే చెందినవి. చేతికి అదుపు వచ్చుటకు వీనివలన కొంత ప్రయోజనము కలదు. కాని వీనిని కళాకృత్యములని పిలుచుట పొరపాటు.

చిత్రమునుండి రచనకు పోవు త్రోవ దగ్గరది. పసివాడు గీసిన పిమ్మట, ఇదేమిటని ప్రశ్నించినచో ఒక్కమాటతో తప్పించుకొనును. దీనిగూర్చి చెప్పుమని అడిగినచో కథయే చెప్పును. ఆ చెప్పిన దానిలో ఒకటి రెండు వాక్యములను ఉపాధ్యాయుడు చిత్రముక్రింద ఉన్నదున్నట్లు వ్రాసి చదివి వినిపించుట మొదటి మెట్టు. తన నోటినుండి వెడలిన మాట అక్షరమై నిలిచినదని తెలిసిన దినమున పిల్లవానికి వ్రాతయొక్క ప్రయోజనము బోధపడును. ఆ వాక్యమును తానే చదువుట, అందు ఒక మాటను తానే వ్రాయుట, క్రమముగ మొత్తము తానే వ్రాయుట తరువాతి మెట్లు.

ఇచ్చట తప్పొప్పుల వివాదము తలయెత్తును. రెండవ తరగతి పిల్లవాడు ఇట్లు వ్రాసినాడనుకొందము: ‘మా కోడి గుడు పెటింది. అమ పొయి కాడ దాసింది. నేను కత చెప్పిన.’ దీనిని ఎర్రసిరాతో కొట్టివేయుటకు ముందు, అందలి దోషములు ఒక్కజాతివి కావని గుర్తింపవలెను. ‘గుడు’, ‘పెటింది’, ‘అమ’, ‘పొయి’ అనుచోట్ల పిల్లవాని చెవికి ద్విత్వము తెలియును, చేతికి ఒత్తు ఇంకను పూర్తిగ అలవడలేదు. నేర్పవలసినది ఇదియే, వారమునకు ఒక ఒత్తు చొప్పున నేర్పవచ్చును. ‘కత’ అనుచోట మహాప్రాణము (థ) లేకుండుట పెద్దల ఉచ్చారణలోనే సర్వసామాన్యము గనుక, అది చదువగా చదువగా తానే కుదురుకొనును. ‘కాడ’, ‘దాసింది’, ‘చెప్పిన’ అనునవి దోషములే కావు. అవి ఆ యింటి తెలుగు. ఒత్తు లోపమును, ఇంటిపలుకును ఒకే ఎర్రగీతతో కొట్టివేసినచో, పిల్లవాడు నేర్చుకొను పాఠము ఒక్కటే: వ్రాయునపుడు ఇంటిమాటను వాకిటనే విడిచి రావలెను. ఈ వ్యాసమునకు వాడిన గ్రాంథికచ్ఛాయ పెద్దల చర్చకు చెల్లునేమో గాని, పసివాని కలమునకు సంకెల యగును. ఆంగ్లము మాటాడు పసివారు స్వయముగ కల్పించికొను వర్ణక్రమము ధ్వనినియమములకు లోబడియే యుండునని 1970ల నాటి పరిశోధనలు చూపినవి. వినినట్లే వ్రాయు స్వభావముగల తెలుగు లిపికి ఆ ఫలితము మరింత ధైర్యముతో అన్వయించుకొనవచ్చును. అట్లని అక్షరములను, గుణింతములను క్రమముగ నేర్పుట అనవసరమని కాదు. స్వేచ్ఛారచన అక్షరబోధకు తోడుగ నడచునది, దానికి బదులుగ నిలుచునది కాదు. ఈ భేదమును మరచిన ఉత్సాహవంతులు తమ పక్షమునకే కీడు చేసిరి.

సామగ్రి కొరతను గూర్చి వినబడు ఫిర్యాదు పాక్షికముగనే న్యాయమైనది. కాగితము, రంగులు పుష్కలముగ నుండుట మేలే. కాని పసుపునకు సున్నము కలిపిన ఎర్రనగునని పిల్లలు తమ కన్నులతో చూచుట ఏ రంగుపెట్టెయు ఇయ్యలేని అనుభవము. జేగురుమన్ను, బొగ్గు, ఆకుపసరు రంగులగును. నమిలిన వేపపుల్ల కుంచెయగును. అడ్డముగ కోసిన బెండకాయ పూవువలె అద్దుపడును. చెరువుమట్టికి వెల లేదు. పిల్లల ఎత్తున గోడకు పూసిన నల్లరంగు ఏండ్లతరబడి చిత్రఫలకమగును. పాతపత్రికలనుండి కత్తిరించిన రూపములకు పుల్లలు గట్టి, దీపమునకు అడ్డముగ పంచెను తెరవలె కట్టినచో తోలుబొమ్మలాట సిద్ధమగును. రచనకు గొలుసుకథ, తెలిసిన కథకు వేరొక ముగింపు, పొడుపుకథ కల్పించుట, రొదారి చెప్పిన రీతిని ‘ఏనుగు, తిరుగలి’ వంటి జతనుండి కథ కట్టుట, వారమునకొక గోడపత్రిక, ఇవి ఖర్చులేనివి.

ఈ పనులన్నిటిని పరిశీలించినచో ఒక సామాన్యలక్షణము కనబడును, ఈ సమీక్షకు సారమును అదియే. ‘మీ యిష్టము వచ్చినది గీయుడు’ అన్నపుడు పిల్లలు దిక్కుతోచక రెండు కొండల సూర్యునే ఆశ్రయింతురు. ‘ఈ బొమ్మను చూచి ఇట్లే గీయుడు’ అన్నపుడు ఒరవడి దిద్దుదురు. సామగ్రిలోను, రూపములోను ఒక ఇరుకైన హద్దును గీచి, ఆ హద్దులోపలి అర్థమును పిల్లవానికే విడిచినపుడు మాత్రమే క్రొత్తది పుట్టును. వాకిటి ముగ్గునందు ఇదియే మర్మము: చుక్కల వరుస తల్లి చెప్పును, ఆ చుక్కల నడుమ గీత తిరుగు దారిని కూతురు వెదకికొనును. ‘ఇల్లు గీయుము’ అనుటకంటె, ‘మీ యింటిలో నీవు దాగుకొను చోటు గీయుము’ అనుట మేలు. ‘ఆవును గూర్చి అయిదు వాక్యములు వ్రాయుము’ అనుటకంటె, ‘నిన్నరాత్రి విన్న చప్పుళ్లు వ్రాయుము’ అనుట మేలు. ఫ్రోబెల్ హద్దును గుర్తించెను, చిజెక్ స్వేచ్ఛను గుర్తించెను. ఒకదానిని పట్టి రెండవదానిని విడిచినచోటనెల్ల ఆ ప్రయత్నములు కుంటుపడినవి.

ఆక్షేపణలలో బలమైనవి కాలము, సంఖ్య, మూల్యాంకనము అను మూడు. 2009 నాటి విద్యాహక్కుచట్టము కృత్యములద్వారా, భయరహితముగ బోధింపవలెనని శాసించినది. 2020 విద్యావిధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకు ఒకే పునాదిదశగ భావించినది. 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమము మూడవ తరగతి ముగియునాటికి చదువు, లెక్కలయందు కనీససామర్థ్యమును లక్ష్యముగ పెట్టినది. ఈ చివరి లక్ష్యమే బొమ్మల గంటను హరించునను భయము నిరాధారము కాదు, ఏలన కొలువ వీలైనదే లెక్కకు వచ్చును. కాని పిల్లవాడు తాను చెప్పిన వాక్యమును చదువుట చదువుకు వెలియైన పని యెట్లగును? ఒక్కరే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులు నడుపుచోట అందరి కథలను ఒక్కదినమున వ్రాసికొనుట అసాధ్యము. దినమునకు నలుగురైదుగురి చొప్పున వ్రాసినచో అందరికిని వంతు వచ్చును, మిగిలినవారు ఆ వేళ గీయుచుందురు. మూల్యాంకనమునకు మార్కులు పనికిరావు. ప్రతి పిల్లవాని పేర ఒక అట్టసంచి నుంచి, తేదీ వేసి చిత్రములను, వ్రాతలను దాచినచో, జూన్ నాటి కాగితమును ఫిబ్రవరి నాటి దానిప్రక్కన బెట్టి తలిదండ్రులకు చూపవచ్చును. పిల్లవానిని ఇతరులతో గాక వానితోనే పోల్చు పరీక్ష అది.

బడిని చూడవచ్చు అధికారికి ఒక్క సూచన చాలును. గోడమీద వ్రేలాడు చిత్రములు ఎంత అందముగ నున్నవని గాక, ఒకదానికొకటి ఎంత భిన్నముగ నున్నవని చూడవలెను. ముప్పది చిత్రములును ఒకే పోలికగ నున్నచో అవి ఉపాధ్యాయుని పని. ముప్పదియు ముప్పది దారులు త్రొక్కినచో అవి పిల్లల పని. నోటుపుస్తకములకును ఈ కొలతయే వర్తించును. పథకములు, పరికరములు, శిక్షణలు ఎన్ని వచ్చినను, ఈ భేదమును మెచ్చుకొను కన్ను తనిఖీ చేయువారికి లేనంతకాలము, ఉపాధ్యాయులు చూచివ్రాతయే క్షేమమని ఎంచుదురు. అట్లు ఎంచినందుకు వారిని తప్పుపట్టుటకంటె, వారిని కొలుచు కొలతబద్దను మార్చుట ముందు జరుగవలసిన పని.